కళ్ళు తెరిచే ఉన్నా కనిపించని క్షణాలు

ఈ వారం ఒక తల్లి రాసిన ఉత్తరంతో మొదలుపెడతాను. పేరు, ఊరు వెయ్యవద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు.

"డాక్టరుగారూ! మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. మూడో తరగతి. నిరుటిదాకా చురుగ్గా ఉండేది. ఆరు నెలల నుంచి ఉన్నట్టుండి కళ్ళప్పగించి అలా చూస్తూ ఉండిపోతోంది. పిలిచినా పలకదు. కాసేపటికి ఏమీ జరగనట్టు తన పని తాను చేసుకుంటుంది. మొన్న అన్నం తింటూ ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయింది. డిక్టేషన్‌లో మధ్య మధ్య మాటలు వదిలేస్తోందని టీచరు ఫిర్యాదు. ఒట్టి పరధ్యానం అంటోంది. మా అత్తగారు దిష్టి తీశారు. మావారు రెండుసార్లు చెయ్యి చేసుకున్నారు. కళ్ళ డాక్టరు చూపు బాగుందన్నారు. చెవుల డాక్టరు వినికిడి బాగుందన్నారు. ఇది పొగరా, జబ్బా? చెప్పండి."

అమ్మా! జబ్బు అవునో కాదో పిల్లను చూడకుండా చెప్పడం నా వృత్తికి తగదు. కానీ ఇది పొగరు అనుకోవడానికి మీ ఉత్తరంలో నాకు ఒక్క కారణమూ కనిపించలేదు. ముద్ద నోటి దగ్గర ఆపి పొగరు చూపించే పిల్లలు ఉండరు. మీవారిని ముందు చెయ్యి చేసుకోవడం మానమనండి. ఈ వారంలోనే పిల్లను పిల్లల డాక్టరుకు గాని, నరాల డాక్టరుకు గాని చూపించండి. ఏం చెప్పాలో, ఏం అడగాలో చివర్లో రాస్తాను.

మీ ఉత్తరంలో ఒక మంచి ప్రశ్న దాగి ఉంది. కళ్ళు బాగున్నాయి, చెవులు బాగున్నాయి, మరి పిల్ల ఎందుకు చూడలేదు, ఎందుకు వినలేదు? ఈ ప్రశ్న మీ ఒక్కరిదే కాదు. అందరికీ పనికి వచ్చే సంగతి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మూడో విజిల్ ఎవరు విన్నారు?

పొయ్యి మీద కుక్కరు పెట్టి చెల్లెలితో ఫోనులో మాట్లాడుతున్నారు. మూడు విజిళ్ళు రాగానే దించాలి. మాటల్లో పడ్డారు. పప్పు మాడిన వాసన వచ్చాక గాని తెలియలేదు. "ఇన్ని విజిళ్ళు వస్తే ఒక్కటీ వినపడలేదా?" అని ఇంట్లోవాళ్ళు దెప్పుతారు. చెవులకేం, అవి తమ పని చేశాయి. కర్ణభేరి కదిలింది, నరం గుండా కబురు మెదడుకు చేరింది. ఆ కబురును అందుకోవడానికి మెదడులో ఎవరూ ఖాళీగా లేరు, అంతే!

కన్ను కెమెరా వంటిదని, చెవి మైకు వంటిదని మనకు బళ్ళో చెప్పారు. అది సగం నిజం. కెమెరా ఫొటో తీస్తుంది గాని ఫొటోను చూడదు. చూడడం, వినడం, రుచి తెలియడం మెదడు చేసే పనులు. మెదడు ఆ పనులను ఎప్పుడూ ఒకే తీరున చెయ్యదు. దానికి ఒక లయ ఉంది. ఆ లయ మారితే మనకు తెలిసేదీ మారుతుంది.

మెదడులో కరెంటు

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నరకణాలు ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష కొంత రసాయనం, కొంత విద్యుత్తు. "మెదడులో కరెంటా!" అని భయపడకండి. తల మీద కొలిస్తే అది ఒక వోల్టులో పది లక్షల వంతుల లెక్కన, పది నుంచి వంద వంతుల దాకా ఉంటుంది. టార్చిలైటు బ్యాటరీ ఒకటిన్నర వోల్టులు కదా, అందులో ముప్ఫైవేలో వంతు అనుకోండి.

ఒక్క కణం గుసగుస తల బయటికి వినపడదు. లక్షల కణాలు ఒకేసారి, ఒకే తాళానికి పనిచేసినప్పుడే బయట కొలవగలిగేంత అల పుడుతుంది. భజనలో వందమంది ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు చప్పట్లు కొడితే రొద అవుతుంది. ఒకే తాళానికి కొడితే వీధి చివరికి వినిపిస్తుంది. ఇదీ అంతే.

1875 లో ఇంగ్లండులో రిచర్డ్ కేటన్ అనే డాక్టరు కుందేళ్ళ, కోతుల మెదళ్ళలో ఈ విద్యుత్తును గుర్తించాడు. మనిషిలో మొదట రికార్డు చేసిన ఘనత జర్మనీలోని యేనా నగరంలో మానసిక వైద్యుడిగా పనిచేసిన హన్స్ బెర్గర్‌ది. ఆయన కథ చిత్రమైనది. యువకుడిగా సైనిక శిక్షణలో ఉండగా గుర్రం మీద నుంచి పడి చావు తప్పించుకున్నాడు. అదే రోజు దూరాన ఉన్న అక్కకు తమ్ముడికేదో ఆపద వచ్చిందని మనసులో అనిపించి, తండ్రి చేత తంతి ఇప్పించింది. నా భయం అక్క మనసుకు ఎలా చేరింది, మనసుకు బయటికి ప్రసరించే శక్తి ఏదైనా ఉందా అని బెర్గర్ ఏళ్ళ తరబడి వెతికాడు. మనసు నుంచి మనసుకు పోయే శక్తి దొరకలేదు. సన్నటి విద్యుత్తు దొరికింది. 1924 లో మొదటి రికార్డు తీశాడు. అయిదేళ్ళు ఎవరికీ చెప్పలేదు. తన కొడుకు తల మీద కూడా తీగలు అంటించి మళ్ళీ మళ్ళీ పరీక్షించి 1929 లో ప్రకటించాడు. చాలామంది నమ్మలేదు. 1934 లో కేంబ్రిడ్జిలో నోబెల్ బహుమతి గ్రహీత ఏడ్రియన్, ఆయన సహచరుడు మాథ్యూస్ అదే ప్రయోగం చేసి నిజమేనని తేల్చారు. ఈనాడు ఆసుపత్రుల్లో తీసే ఇ.ఇ.జి. పరీక్ష అలా పుట్టింది.

అయిదు రకాల అలలు

అలలను సెకనుకు ఎన్నిసార్లు లేచి పడతాయన్న లెక్కను బట్టి విభజించారు.

సెకనుకు 4 కన్నా తక్కువ - డెల్టా. గాఢనిద్రలో వస్తాయి.
4 నుంచి 8 - థీటా. కునికిపాట్లు పడేటప్పుడు, చిన్నపిల్లల్లో ఎక్కువ.
8 నుంచి 13 - ఆల్ఫా. కళ్ళు మూసుకుని, నిద్రపోకుండా తీరిగ్గా ఉన్నప్పుడు తల వెనక భాగంలో బాగా కనిపిస్తాయి.
13 నుంచి 30 - బీటా. మెలకువగా పనిలో ఉన్నప్పుడు.
30 పైన - గామా. ఇవి చాలా సన్నని అలలు. తల కండరాల కదలిక కూడా ఇలాగే కనిపిస్తుంది కనుక జాగ్రత్తగా కొలవాలి.

ఒక్కొక్క సమయంలో ఒక్క అలే ఉంటుందని అనుకోకండి. మెదడులో ఒక్కో చోట ఒక్కో రకం కలగలిసి ఉంటాయి. ఏది పైచెయ్యిగా ఉందన్నదే తేడా.

బెర్గర్ గమనించిన ఒక వింతను ఇ.ఇ.జి. గదిలో ఇప్పటికీ రోజూ చూస్తాం. "కళ్ళు మూసుకోండి" అంటే ఆల్ఫా అలలు వరుసగా లేస్తాయి. "తెరవండి" అంటే మాయమవుతాయి. అంటే ఆల్ఫా అన్నది చూపు లోపలికి వచ్చే దారికి వేసిన తలుపు వంటిది. చూడవలసిన పని లేనప్పుడు తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. పని పడగానే తెరుచుకుంటుంది.

తలుపు సగం సగం కూడా వెయ్యవచ్చు. కళ్ళు కదపకుండా ఎడమవైపు మాత్రమే ధ్యాస పెట్టమని చెప్పి పరీక్షించారు. మెదడులో కుడివైపు చూపును చూసుకునే భాగంలో ఆల్ఫా బలపడింది. "ప్రస్తుతం నీతో పని లేదు, ఊరుకో" అని దాన్ని కూర్చోబెట్టినట్టన్నమాట! ఫోనులో చెల్లెలి మాట వింటున్న మీకు కుక్కరు విజిల్ వినపడకపోవడం వెనక కూడా ఇటువంటి ఏర్పాటే ఉందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అది జబ్బు కాదు. పనికిరానిదాన్ని పక్కకు నెట్టకపోతే పనికివచ్చేదాన్ని వినలేం.

అల పైన ఉందా, కింద ఉందా?

ఇంకో అడుగు ముందుకు వెళదాం. 2009 లో ఫ్రాన్సులోని టూలూజ్ నగరంలో కొందరు శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం చేశారు. కనిపించీ కనిపించనంత మసక వెలుగును క్షణకాలం మెరిపించారు. అదే మనిషి, అదే వెలుగు, అదే చోటు. ఒకసారి కనిపించిందంటాడు, ఒకసారి లేదంటాడు. ఎందుకు? వెలుగు మెరవబోయే ముందు మెదడు అల ఏ దశలో ఉందో చూస్తే, ఒక దశలో ఉన్నప్పుడు ఎక్కువసార్లు కనిపించింది, దానికి ఎదురు దశలో తక్కువసార్లు కనిపించింది. పూర్తిగా అల మీదే ఆధారపడిందని కాదు, కొంతవరకు. ఉయ్యాల ముందుకు వచ్చినప్పుడు చేతికి పండు అందించడం తేలిక, వెనక్కు పోయినప్పుడు అందదు. అలా అనుకోండి.

అంటే మనకు లోకం ఎడతెగని ధారగా కనిపిస్తున్నా, మెదడు దాన్ని కొంతవరకు దోసిళ్ళతో అందుకుంటోందని ఈ ప్రయోగాలు చేసేవారు అంటున్నారు. ఆల్ఫా వేగం సెకనుకు పది అయితే ఒక్కో దోసిలి సెకనులో పదో వంతు. 2015 లో అమెరికాలో మరో ప్రయోగం జరిగింది. వెంట వెంటనే రెండు మెరుపులు చూపిస్తే, ఆల్ఫా వేగంగా ఉన్నవారు వాటిని రెండుగా గుర్తుపట్టారు. నెమ్మదిగా ఉన్నవారికి అదే ఎడంలో రెండూ కలిసి ఒకటిగా కనిపించాయి. తరువాత జరిగిన పరీక్షలన్నీ దీన్ని బలపరచలేదు. కనుక దీన్ని వేదవాక్యంగా తీసుకోకండి. శాస్త్రంలో ఇటువంటి తగవులు మామూలే.

నిద్రలో వేసిన తలుపు

ఫ్యాను చప్పుడు, వీధిలో లారీల రొద, పక్కవాళ్ళ గురక - ఇన్నిటి మధ్య నిద్రపోయే తల్లి, పసివాడు "ఊఁ" అనగానే లేచి కూర్చుంటుంది. నిద్రలో చెవులు మూసుకోవు. మెదడు నడుమ థాలమస్ అనే భాగం ఉంది. వాసన తప్ప మిగిలిన ఇంద్రియాల కబుర్లు మెదడు పైపొరకు ప్రధానంగా దాని గుండానే వెళతాయి. నిద్రలో ఆ థాలమస్, పైపొర కలిసి ఒక లయలో పడతాయి. కాగితం మీద అవి నూలు కదురు ఆకారంలో, నడుమ లావుగా, కొసలు సన్నగా కనిపిస్తాయి. ఆ కదుళ్ళు ఎక్కువగా వచ్చేవారు చప్పుళ్ళలో కూడా మేలుకోకుండా నిద్రపోతారని 2010 లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలన తెలిపింది. తలుపు వేసినా, ముఖ్యమైనవారు పిలిస్తే తీసే కాపలాదారు లోపల ఉంటాడు. అందుకే నిద్రలో ఎవరి పేరో పిలిస్తే లేవనివారు తమ పేరు పిలిస్తే కదులుతారు.

ఈ తలుపు పడరాని వేళ పడితే ప్రమాదం. రాత్రంతా నిద్రలేకుండా బండి నడిపేవారికి కళ్ళు తెరిచి ఉండగానే మెదడు రెండు మూడు సెకన్లు నిద్రలోకి జారుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే 50 మీటర్లు. ఆ 50 మీటర్లు బండిని ఎవరూ నడపడం లేదు! కిటికీ తీసినా, రేడియో పెద్దది చేసినా ఆ నిద్ర ఆగదు. బండి పక్కకు ఆపి ఇరవై నిమిషాలు పడుకోవడమే మందు. పెళ్ళికి వెళ్ళి తెల్లవారుజామున తిరిగి వచ్చేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

లయ తప్పితే ఏమవుతుంది?

ఇప్పుడు ఉత్తరం రాసిన తల్లి ప్రశ్నకు వస్తున్నాను.

మూర్ఛ అంటే కింద పడి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నోట నురగ రావడం అనే అందరికీ తెలుసు. కానీ పడకుండా, కొట్టుకోకుండా వచ్చే మూర్ఛ ఉంది. నాలుగేళ్ళకూ పదేళ్ళకూ మధ్య పిల్లల్లో మొదలవుతుంది. ఆంగ్లంలో దీన్ని "ఆబ్సెన్స్" అంటారు. అంటే గైర్హాజరు. మంచి పేరు! ఒళ్ళు తరగతిలోనే ఉంది, హాజరు పట్టీలో పేరుంది, పిల్ల మాత్రం అయిదు పది సెకన్లు అక్కడ లేదు.

ఆ సెకన్లలో ఇ.ఇ.జి. చూస్తే, థాలమస్, పైపొర కలిసి తల అంతటా సెకనుకు మూడు చొప్పున ఒకే తీరు పెద్ద అలలు కొడతాయి. ఒక్కో అలకు ముందు ఒక ముల్లు. 1935 లో అమెరికాలోని బోస్టన్‌లో గిబ్స్ తదితరులు దీన్ని మొదట వర్ణించారు. ఇందాక భజన సంగతి చెప్పాను కదా? అందరూ ఒకే తాళం కొడితే బాగుంటుందని అనిపిస్తుంది. కానీ మెదడంతా ఒకే తాళంలో బిగుసుకుపోతే వచ్చిన కబురు వినడానికి ఎవరూ మిగలరు. పిల్ల కంట్లో టీచరు బొమ్మ పడుతూనే ఉంటుంది. చెవిలో మాట పడుతూనే ఉంటుంది. అందుకునేవారు లేరు. అల ఆగగానే తెలివి వస్తుంది. మధ్యలో ఏదో పోయిందని కూడా పిల్లకు తెలియదు. డిక్టేషన్‌లో మాటలు వదిలెయ్యడానికి ఇది కారణం కావచ్చు. రోజుకు పదులసార్లు రావచ్చు.

నేను చేసిన పొరపాటు

ఈ విషయం ఇంత వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. 1996 లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరి ఒక పల్లె ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఉదయం పూట వందమంది దాకా వచ్చేవారు. ఒక రైతు తొమ్మిదేళ్ళ కొడుకును తెచ్చాడు. "అయ్యా, మావోడు ఉండుండి బొమ్మ మాదిరి అయిపోతన్నాడు" అన్నాడు. కుర్రాణ్ణి నాలుగు ప్రశ్నలు అడిగాను. టకటకా జవాబు చెప్పాడు. చురుకైనవాడే, చదువంటే శ్రద్ధ లేదు అనుకున్నాను. కాస్త గట్టిగా కూడా మాట్లాడాను. బలానికి సీసా మందు రాసి పంపించేశాను.

రెండేళ్ళ తరువాత వాడు మళ్ళీ వచ్చాడు. సైకిల్ తొక్కుతూ మలుపులో తిప్పకుండా తిన్నగా కాలువగట్టు మీద నుంచి పోయాడట. మెడ కింది ఎముక విరిగింది. ఈ రెండేళ్ళలో చదువు అబ్బదని బడి మాన్పించి మెకానిక్ షెడ్డులో పెట్టారు. కట్టు కట్టించడానికి పెద్దాసుపత్రికి వెంట తీసుకువెళ్ళాను. అక్కడ ఒక పెద్ద డాక్టరుగారు వాడి కథంతా విని, కాగితంతో గాలిమర చేసి చేతికిచ్చి, "ఊదుతూ ఉండరా, ఆపకు" అన్నారు. రెండు నిమిషాలు దాటాయో లేదో, గాలిమర ఆగింది. కుర్రాడి కళ్ళు నా భుజం మీదుగా గోడను చూస్తున్నాయి. రెప్పలు సన్నగా కొట్టుకున్నాయి. ఎనిమిది సెకన్లు. తరువాత వాడు మళ్ళీ ఊదడం మొదలుపెట్టాడు.

మందు మొదలుపెట్టాక నెలలో తగ్గిపోయింది. మళ్ళీ బడికి పంపమని తండ్రికి నచ్చజెప్పాను. "తనకంటే చిన్నోళ్ళ పక్కన కూకోనంటన్నాడయ్యా" అన్నాడాయన. వాడు తిరిగి బడికి వెళ్ళలేదు. నేను మొదటిరోజు మూడు నిమిషాలు వాడికి కేటాయించి ఉంటే సరిపోయేది. అప్పటి నుంచి "బొమ్మలాగా అయిపోతున్నాడు" అన్న మాట వింటే, బయట వరుస ఎంత పొడుగున్నా, ఆ మూడు నిమిషాలూ ఇస్తాను.

పరధ్యానమా, మూర్ఛా?

తల్లులూ, టీచర్లూ ఈ తేడాలు గమనించండి.

1. పరధ్యానం విసుగు పుట్టించే పనిలో వస్తుంది. ఈ మూర్ఛ ఆటలోనూ, తిండిలోనూ, మాట మధ్యలోనూ వస్తుంది.
2. పరధ్యానంలో ఉన్న పిల్లను పేరు పెట్టి పిలిచినా, భుజం తట్టినా ఉలిక్కిపడి చూస్తుంది. మూర్ఛలో తట్టినా పలకదు.
3. మూర్ఛ ఠక్కున మొదలై ఠక్కున ఆగుతుంది. సాధారణంగా పదిహేను ఇరవై సెకన్లకు మించదు.
4. రెప్పలు కొట్టుకోవడం, పెదవులు చప్పరించడం, చేతివేళ్ళతో బట్ట నలపడం కొందరిలో ఉంటాయి.
5. తరువాత పిల్ల ఆపిన చోటు నుంచే పని సాగిస్తుంది. మగత, తలనొప్పి ఉండవు.

గాలి ఊదించే పరీక్ష ఇంట్లో చెయ్యకండి. గుండెజబ్బు, సికిల్ సెల్, ఉబ్బసం ఉన్న పిల్లలకు అది మంచిది కాదు. డాక్టరు ఎదుటే జరగాలి. మీరు చెయ్యగలిగిన పని వేరే ఉంది. రోజుకు ఎన్నిసార్లు వచ్చిందో, ఎంతసేపో కాగితం మీద రాసుకోండి. సెల్‌ఫోనులో ఒకటి రెండుసార్లు వీడియో తియ్యండి. డాక్టరు ముందు రాకపోయినా ఆ వీడియో సాక్ష్యం చెబుతుంది.

ఇ.ఇ.జి. అంటే షాకు కాదు

"తలకు కరెంటు పెడతారటగా" అని చాలామంది పరీక్ష దగ్గర నుంచే పారిపోతారు. లోపలికి ఏ కరెంటూ పంపరు. లోపల ఉన్నదాన్ని కొలుస్తారు, అంతే. నొప్పి ఉండదు. ముందురోజు తలంటి పోయండి. నూనె రాయకండి, తలలో నూనె ఉంటే తీగలు అంటుకోవు. జడలు బిగించకండి. పస్తు ఉంచనవసరం లేదు. రాత్రి తక్కువగా పడుకోనివ్వమని చెబితే అలాగే చెయ్యండి. పరీక్షలో గాలి ఊదమంటారు, కళ్ళ ముందు దీపం మినుకు మినుకు మనిపిస్తారు. పిల్లకు ముందే చెప్పి ధైర్యం ఇవ్వండి.

ఇంకో మాట. ఒకసారి ఇ.ఇ.జి. బాగున్నంత మాత్రాన మూర్ఛ లేదని కాదు. ఏ జబ్బూ లేనివారిలో కూడా కొద్దిమందికి తేడా కనిపించవచ్చు. కాగితానికి కాదు, మనిషికి వైద్యం చెయ్యాలి.

ఈ రకం మూర్ఛకు ఇథోసక్సిమైడ్, వాల్‌ప్రోయేట్ వంటి మంచి మందులున్నాయి. వాల్‌ప్రోయేట్ ఆడపిల్లలకు ఇచ్చేముందు డాక్టరు బాగా ఆలోచిస్తారు. పెద్దయి గర్భం దాల్చినప్పుడు వాడుతూ ఉంటే బిడ్డకు హాని చేస్తుంది. మరో ముఖ్యమైన సంగతి - వేరే రకం మూర్ఛలకు వాడే కార్బమజిపిన్, ఫెనిటాయిన్ వంటివి దీన్ని తగ్గించకపోగా పెంచవచ్చు. కాబట్టి పక్కింటి అబ్బాయి చీటీతో మందులు కొనకండి. తగ్గిందని మీ అంతట మీరు ఆపకండి. మామూలుగా రెండేళ్ళు ఒక్కసారి కూడా రాకుండా ఉంటే డాక్టరు నెమ్మదిగా తగ్గిస్తారు. చాలామంది పిల్లలకు పెద్దయ్యేసరికి పూర్తిగా పోతుంది. అదుపులోకి వచ్చేదాకా ఒంటరిగా ఈతకు, రోడ్డు మీద సైకిల్‌కు, పిట్టగోడ లేని మేడ మీదికి పంపకండి. పొయ్యి దగ్గర పని చెప్పకండి.

మినుకు దీపాలు

బయటి లయ లోపలి లయను లాగగలదు. కొందరి మెదడు సెకనుకు పదిహేను నుంచి పాతికసార్లు మినుకుమనే వెలుగుకు తాళం కలుపుతుంది, మూర్ఛ వస్తుంది. 1997 డిసెంబరు 16 న జపానులో టీవీలో ఒక కార్టూన్ వచ్చింది. ఎరుపు, నీలం రంగులు సెకనుకు పన్నెండు సార్లు మార్చి మార్చి మెరిశాయి. ఆ రాత్రి సుమారు 685 మందిని ఆసుపత్రులకు తీసుకువెళ్ళారు. వారిలో ఎక్కువమంది పిల్లలే.

ఇది అందరికీ వచ్చేది కాదు. అటువంటి లక్షణం ఉన్న పిల్లలు టీవీకి దూరంగా, దీపం వేసిన గదిలో కూర్చోవాలి. బస్సు వరుస చెట్ల నీడల్లోంచి పోతున్నప్పుడు ఎండ మినుకుమన్నా ఇబ్బంది పడవచ్చు. అప్పుడు రెండు కళ్ళూ మూసుకుంటే లాభం లేదు, రెప్పల లోంచి వెలుగు పడుతుంది. ఒక కంటిని అరచేత్తో పూర్తిగా మూసి, ముఖం పక్కకు తిప్పుకోవాలి.

అమ్మకానికి ఆల్ఫా

మెదడు అలల పేరు చెప్పి డబ్బు చేసుకునేవారు కూడా ఉన్నారు. ఆల్ఫా పెంచే పాటలు, తలకు కట్టుకునే పట్టీలు, పరీక్షల్లో ర్యాంకు తెచ్చే శబ్దాలు! కళ్ళు మూసుకుని ప్రశాంతంగా కూర్చుంటే ఆల్ఫా ఉచితంగానే వస్తుంది. అది వచ్చినంత మాత్రాన లెక్కలు రావు. కళ్ళకు గంతలు కట్టినా పిల్లల చేత పుస్తకం చదివిస్తామని వేలకు వేలు గుంజేవారూ ఉన్నారు. ముక్కు పక్క సందులోంచి చూడడం పిల్లలకు నేర్పక్కరలేదు. వెలుతురు కంట్లో పడకుండా ఏ అలా చూపునివ్వదు. ఆ డబ్బుతో పిల్లకు పాలు, పళ్ళు కొనండి. రాత్రి తొమ్మిదింటికి ఫోను లాక్కుని పడుకోబెట్టండి.

ఉత్తరం రాసిన తల్లికి చివరి మాట. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు మీవారిని కూడా వెంట తీసుకువెళ్ళండి. పిల్ల ఊదుతూ ఊదుతూ ఆగిపోతే ఆయన కళ్ళతో ఆయన చూడాలి. డాక్టరు జబ్బేనని తేల్చితే, ఒక చీటీ రాయించుకుని టీచరుగారికి ఇవ్వండి. పిల్లను మొదటి వరుసలో కూర్చోబెట్టమనండి, వదిలేసిన మాటలు మళ్ళీ ఒకసారి చెప్పమనండి. జబ్బు కాదని తేలితే మరీ మంచిది. ఏ సంగతీ నాకు ఒక కార్డు ముక్క రాయండి.